2013 నాటి పొడుగు ఘోస్టా, 2021 నాటి కొత్త ఘోస్టా?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. నాన్నగారికి 74 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నెలకు రెండుసార్లు భీమవరం దగ్గర మా ఊరికి వెళ్లి వస్తారు. డ్రైవర్ ఉన్నాడు, ఆదివారాలు మాత్రం నేనే నడుపుతాను. రెండు రోల్స్ రాయిస్ ఘోస్ట్‌లు చూశాం. ఒకటి 2013 మోడల్, మొదటి తరంలో పొడుగు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రకం. 38 వేల కి.మీ. తిరిగింది, వేరే రాష్ట్రం నంబరు. రెండోది 2021 మోడల్, రెండో తరం, మామూలు వీల్‌బేస్. 21 వేలు తిరిగింది. దీని ధర పాతదానికి దాదాపు మూడు రెట్లు. హార్స్‌పవర్ రెండింటికీ ఒకటేనట. మరి ఇంత తేడా దేనికి? పాతది కొని మిగిలిన డబ్బు దాచుకుంటే తెలివైన పనేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: హార్స్‌పవర్ మాట నిజమే, రెండింటిదీ 563. రెండూ టర్బోలున్న వి-12 ఇంజిన్లే. పాతది 6.6 లీటర్లు, 780 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం). కొత్తది 6.75 లీటర్లు, 850 న్యూటన్ మీటర్లు. రోడ్డు మీద ఈ తేడా మీకు పెద్దగా తెలియదు, వెనక కూర్చున్న నాన్నగారికి అసలే తెలియదు. కాబట్టి ఇంజిన్‌ని పక్కన పెట్టండి. ధరలో తేడా అంతా ఇంజిన్ చుట్టూ ఉన్న కారుది.

2020 సెప్టెంబరులో రెండో తరం విడుదల చేసినప్పుడు, మొదటి ఘోస్ట్ నుంచి దీనిలోకి తెచ్చినవి రెండే రెండని కంపెనీ చెప్పింది: బానెట్ మీది బొమ్మ, తలుపుల్లోని గొడుగులు. మొదటి ఘోస్ట్ ఉక్కు బాడీ. దాని లోపలి నిర్మాణానికి, ఎలక్ట్రానిక్స్‌కు ఆధారం అప్పటి బీఎండబ్ల్యూ 7 సిరీస్. దాదాపు ఐదో వంతు భాగాలు ఆ కారువే. ఇంజిన్ బలం వెనక చక్రాలకే వెళ్తుంది. రెండో తరానిది అల్యూమినియం ఫ్రేము. 2017లో అదే కంపెనీ కారు ఫాంటమ్‌తో, ఆ తర్వాత ఇంకో కారు కల్లినన్‌తో వచ్చిన, రోల్స్ రాయిస్ కోసమే చేసిన ఫ్రేము అది. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది, స్టీరింగ్ తిప్పితే ముందువే కాక వెనక చక్రాలూ పక్కకు తిరుగుతాయి. ఈ ఒక్క మార్పు నుంచే సుఖమూ వచ్చింది, ఖర్చూ వచ్చింది.

ముందు నాన్నగారి సీటు సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడ పాత కారుకే ఒక పెద్ద మేలు ఉంది. మామూలు ఘోస్ట్ వీల్‌బేస్ రెండు తరాల్లోనూ 3,295 మి.మీ.యే. కొత్త తరం అనగానే వెనక చోటు పెరిగిందనుకుంటారు గానీ, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు. మీరు చూసిన 2013 కారు పొడుగు రకం కాబట్టి దాని వీల్‌బేస్ 3,465 మి.మీ. అంటే 170 మి.మీ. ఎక్కువ, ఆ పెరిగిందంతా వెనక కాళ్ల దగ్గరే. మోకాలు పూర్తిగా మడవలేని మనిషికి కాళ్లు చాపుకునే ఆ జానెడు చోటు నాలుగు వందల కిలోమీటర్ల ప్రయాణంలో చాలా పెద్ద విషయం. కారు మొత్తం పొడవు రెండింటిదీ దాదాపు ఐదున్నర మీటర్లు. కాబట్టి పార్కింగ్ కోసం ఒకదాన్ని ఎంచుకోవాల్సిన పని లేదు. వెడల్పు మాత్రం కొత్తది 30 మి.మీ. ఎక్కువ, 1,978. అద్దాలు దీనికి అదనం. మీ సెల్లార్ స్తంభాల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి చూసుకోండి.

అయితే మోకాళ్ల నొప్పి ఉన్నవారిని బాధపెట్టేది కూర్చోవడం కంటే ఎక్కి దిగడమే. రెండు కార్లకూ వెనక తలుపుల మడతబందులు వెనక వైపే ఉంటాయి, కాబట్టి నడుము తిప్పకుండా నేరుగా సీటు మీద కూర్చోవచ్చు. పాతదానిలో తలుపు మూయడానికి బటన్ ఉంది, తెరవడానికి మాత్రం చేతి బలమే. కొత్తదానిలో తెరవడానికీ మోటారు సాయం ఉంది. లోపలి హ్యాండిల్ ఒకసారి లాగితే తలుపు కొంచెం తెరుచుకుని ఆగుతుంది. బయట బండీ మనిషీ ఎవరూ లేరని చూసుకుని మళ్లీ లాగి పట్టుకుంటే మిగతాది మోటారు తెరుస్తుంది. కారు వాలులో నిలిపినా తలుపు అదే వేగంతో కదులుతుంది. ఆ తలుపు బరువు చేత్తో చూస్తే, ఇది పెద్దవాళ్లకు ఎంత అవసరమో తెలుస్తుంది. నాన్నగారిని రెండు కార్ల దగ్గరకూ తీసుకెళ్లి, ఎవరి సాయమూ లేకుండా ఐదేసి సార్లు ఎక్కి దిగమనండి. ఐదోసారికి ఏ కారు దగ్గర ఆయన చెయ్యి ఆసరా కోసం వెతుకుతుందో గమనించండి.

ఇక ప్రయాణం. పాత ఘోస్ట్ సస్పెన్షన్‌ని తక్కువ చేయనక్కర్లేదు. నాలుగు మూలలా గాలి స్ప్రింగులు ఉంటాయి, వెనక సీట్లో మనిషి ఈ పక్క నుంచి ఆ పక్కకు జరిగినా గ్రహించి సర్దుకుంటాయి. కానీ చక్రం గుంతలో పడ్డాకే దానికి పని మొదలవుతుంది. కొత్తదానిలో ముందు అద్దం వెనక ఉన్న కెమెరాలు రోడ్డును ముందే చూసి, గంటకు 100 కి.మీ. వేగం వరకు, సస్పెన్షన్‌ని సిద్ధం చేస్తాయి. దీనికి తోడు ముందు సస్పెన్షన్ పై భాగంలో అదనంగా ఇంకో డ్యాంపర్ ఉంది. బ్రిడ్జి అతుకుల మీద వచ్చే సన్నని అదురు సీటుదాకా రాకుండా ఆపేది అదే. విజయవాడ దాటాక వరసగా వచ్చే ఫ్లైఓవర్ అతుకుల మీద రెండు కార్లనూ ఒకే వేగంలో నడిపిస్తే ఈ తేడా అరగంటలో తెలిసిపోతుంది.

నిశ్శబ్దంలోనూ కొత్తదే ముందుంది. అందులో వంద కిలోలకు పైగా శబ్దాన్ని మింగే సామగ్రి ఉంది. తయారుచేసేటప్పుడు మరీ నిశ్శబ్దమైపోతే మనిషికి అయోమయంగా ఉంటోందని, సీటు ఫ్రేముల లాంటి భాగాలన్నీ ఒకే సన్నని శ్రుతిలో మోగేలా సరిచేశారు. వినికిడి తగ్గిన పెద్దవాళ్లతో దారిపొడవునా మాట్లాడుకుంటూ వెళ్లడానికి ఇది ఎంతో ఉపయోగం.

మీ ఆదివారాలకు కూడా కొత్తదే హాయి. వెనక చక్రాలు తిరగడం వల్ల సెల్లార్ ర్యాంపు మలుపులో ఒకటి రెండుసార్లు వెనక్కి తీసే పని తప్పుతుంది. వానలో నాలుగు చక్రాల పట్టు నిబ్బరాన్నిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం: ఏ కారు ఎక్కడ చెడుతుంది, ఎందుకు. 2013 కారులో ఇంజిన్ గట్టిదే. వయసు మీద పడేది దాని చుట్టూ ఉన్న రబ్బరుకూ ప్లాస్టిక్‌కూ. 38 వేల కిలోమీటర్లే తిరిగిందని సంతోషించకండి. ఈ కారును రోడ్డు కంటే కాలమే ఎక్కువ అరగదీస్తుంది. నెలల తరబడి నిలిపిన కారులో సీళ్లు ఎండి గట్టిపడతాయి. ఒక్కసారిగా దూర ప్రయాణాలకు తీస్తే ఆ వేడికి పగుళ్లిస్తాయి.

మొదట చూడాల్సింది గాలి సస్పెన్షన్. సాయంత్రం సమతలమైన చోట కారు ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు ఎత్తు కొలిచి రాసుకోండి. పొద్దున్న స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవండి. ఒక మూల పది మి.మీ. మించి దిగితే అక్కడ గాలి బెలూన్ (గాలి స్ప్రింగు) గానీ వాల్వు గానీ లీకవుతున్నట్టే. చిన్న లీకే కదా అని వదిలేస్తే, ఆ లోటు పూడ్చడానికి గాలి కొట్టే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. కాబట్టి బెలూన్ మార్చినప్పుడే కంప్రెసర్‌ని ఆన్, ఆఫ్ చేసే రిలే కూడా మార్పించండి. కారును పైకి లేపే, కిందికి దించే బటన్‌ని రెండుమూడుసార్లు వాడి, నాలుగు మూలలూ ఒకేలా కదులుతున్నాయో లేదో చూడండి. మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే రోల్ బార్లు ఈ తరంలో హైడ్రాలిక్‌వి. లిఫ్ట్ మీద ఎక్కించి వాటి గొట్టాల దగ్గర నూనె తడి ఉందేమో చూడాలి.

తర్వాత ఇంజిన్. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉండగా, మీ కళ్ల ముందే స్టార్ట్ చేయాలి. అమ్మే మనిషి ముందే వేడి చేసి పెడితే ఆ రోజు చూడటం మానేయండి. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని అర్థం. పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌లో ఆ సీళ్లు మార్చడం సీళ్ల ధరతో పోయే పని కాదు, దాదాపు అంతా కూలి ఖర్చే. వాల్వు కవర్ల అంచున నూనె చెమ్మ, కూలెంట్ పైపుల అతుకుల దగ్గర తెల్లగా ఎండిన మరకలు, రెండు వైపులా ఉన్న హై ప్రెషర్ ఫ్యూయల్ పంపులు – ఈ మూడూ చూడాలి. వేడెక్కాక స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే పంపుల మీదే అనుమానం. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ పన్నెండేసి ఉంటాయి. ఒకటి పోయిందని ఒకటే మార్చిన బిల్లులు వరసగా కనిపిస్తే, మిగతావి కూడా త్వరలో పోతాయని లెక్క వేసుకోండి.

గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ వారి ఎనిమిది గేర్లది. కారు జీవితకాలం నూనె మార్చనక్కర్లేదని చాలా షెడ్లలో చెప్తారు. గేర్‌బాక్స్ చేసిన జెడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా ఇరవై వేల కి.మీ. మధ్య మార్చమంటుంది. పన్నెండేళ్లు దాటిన కారుకు కిలోమీటర్లతో పని లేకుండా మార్చేయడం మేలు. ఫిల్టర్, కింది ప్లాస్టిక్ పళ్లెం కలిసే వస్తాయి కాబట్టి రెండూ ఒకేసారి మారతాయి.

పాతదానికి ఉన్న ఊరట ఏమిటంటే దాని లోపలి భాగాల్లో చాలావాటి మూలం అప్పటి 7 సిరీస్ కావడం. బీఎండబ్ల్యూ వర్క్‌షాప్ సాఫ్ట్‌వేర్ ‘ఇస్టా’ ఈ కారు కంప్యూటర్లను చదువుతుంది. కొనే ముందు దానితో ప్రతి కంట్రోల్ యూనిట్‌లో నమోదైన ఫాల్టులన్నీ ప్రింట్ తీయించండి. ఏ భాగం మార్చాలన్నా పార్ట్ నంబరు చూసి, అదే నంబరు 7 సిరీస్‌లో ఉందేమో అడగండి. సెన్సర్లు, రిలేలు, కొన్ని పంపుల విషయంలో ఇలా చాలా డబ్బు మిగులుతుంది. చెక్క పలకలు, తోలు, గ్రిల్లు, లైట్లు, తలుపు మోటార్లకు ఈ దారి లేదు. అవి ఇంగ్లండ్ నుంచి రావాల్సిందే. చక్రాల మధ్య ఉండే ‘ఆర్ఆర్’ మూతలు చక్రం ఎలా తిరిగినా అక్షరాలు నిటారుగానే నిలుస్తాయి. నాలుగింటిలో ఒక్కటైనా పక్కకు ఒరిగి ఉంటే చక్రానికి దెబ్బ తగిలిందేమో అడగండి.

ఈ కారు కొంటే, కొన్న ధరలో కనీసం పదిహేను శాతం మొదటి రెండేళ్ల మరమ్మతులకని విడిగా ఉంచాలి. మిగిలిందని మీరు దాచుకోవాలనుకుంటున్న డబ్బులో ఆ భాగం మీది కాదనుకోండి.

2021 కారుకు ఈ వయసు జబ్బులు లేవు. దాని భయాలు వేరు. మొదటిది బాడీ. ముందు స్తంభం నుంచి పైకప్పు మీదుగా వెనక ఫెండర్ దాకా ఎక్కడా అతుకు గీత కనపడకుండా, నలుగురు పనివాళ్లు ఒకేసారి చేత్తో వెల్డింగ్ చేసిన ఒకే అల్యూమినియం తొడుగు అది. చూడటానికి అందం. ఆటో వెనక నుంచి తగిలిందంటే మాత్రం ఫెండర్‌ని బోల్టులు విప్పి మార్చే వీలుండదు. మామూలు టింకరింగ్ షెడ్డులో సుత్తితో సాపు చేయించకూడదు. అల్యూమినియం ఉక్కులా తిరిగి రూపానికి రాదు, సాగిపోయి పగులుతుంది. ఉక్కు మీద వాడిన గ్రైండర్, బ్రష్ దీని మీద పెడితే ఆ ఇనుప రజను అంటుకుని తర్వాత పెయింటు కింద పొంగులు లేస్తాయి. మీ ఊరు చేపల చెరువుల మధ్య, ఉప్పు గాలికి దగ్గరలో ఉంది కాబట్టి ఈ మాట మరీ గుర్తుంచుకోండి.

అందుకే పెయింటు మందం కొలిచే గేజ్‌తో కారు చుట్టూ చూడాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది: చవక గేజ్‌లు అయస్కాంతంతో పనిచేసేవి, ఉక్కు మీద తప్ప చదవవు. ఉక్కునూ అల్యూమినియాన్నీ రెండింటినీ చదివే గేజ్ ఉన్న మనిషినే పిలవండి. రెండు కార్లకూ అదే వాడండి. ఒక భాగంలో మందం పక్క భాగానికి రెట్టింపు వస్తే అక్కడ మళ్లీ పెయింటు వేసినట్టు. పెయింటు వేయడం తప్పు కాదు, ఎందుకు వేశారో బిల్లు చూపలేకపోవడం తప్పు.

రెండో భయం కెమెరాలూ, వెనక చక్రాల స్టీరింగూ. ముందు అద్దం పగిలి మార్చి ఉంటే కెమెరాలను మళ్లీ క్యాలిబ్రేట్ చేశారా (గురి సరిచేశారా) అని రసీదు అడగండి. అది చేయకపోతే సస్పెన్షన్ ముందుచూపు సరిగా పనిచేయదు. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్ వదిలితే కారు పక్కకు లాగకూడదు. లాగితే నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కంపెనీ పద్ధతిలో చేయించాలి, మామూలు టైర్ల షాపులో కుదరదు. మూడోది వారంటీ: ఇండియాలో ఈ కారు నాలుగేళ్ల సర్వీసు, వారంటీతో అమ్మారు, 2021 కారుకు ఆ గడువు తీరిపోయింది. కంపెనీ సొంత పాత కార్ల పథకం ‘ప్రావినెన్స్’ కింద వారంటీతో ఇస్తే కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. బయటి డీలరు దగ్గరైతే, వారంటీ పొడిగింపుకు ఈ కారు అర్హమో కాదో అడ్వాన్సు ఇవ్వకముందే, చాసిస్ నంబరుతో అడిగించండి.

రెండింటికీ చూడాల్సింది వరద. 2020 అక్టోబరులో హైదరాబాద్ సెల్లార్లలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. సీటు పట్టాల కింద సన్నని ఒండ్రు, డిక్కీ అడుగున తుప్పు పట్టిన బోల్టులు, సీటు బెల్టు పూర్తిగా లాగితే కింది భాగంలో కనిపించే నీటి గీత – ఈ మూడూ దాచడం కష్టం. పైపైన తోలు పాలిష్ చేస్తారు గానీ కార్పెట్ కింది దట్టమైన పొర లోపల చెమ్మ వాసన పోదు. మూల పట్టుకుని కొంచెం లేపి వాసన చూడండి. నీళ్లలో మునిగిన ఘోస్ట్‌ని ఎంత చవకకు ఇచ్చినా తీసుకోకండి.

పెట్రోలు 95 ఆక్టేన్‌కు తగ్గకుండా పోయించండి. ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిసిన పెట్రోలే ఎక్కువ, అది తేమను లాగుతుంది. కాబట్టి వారాల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంచండి, బ్యాటరీకి మెయింటెనర్ చార్జర్ తగిలించండి. వోల్టేజి పడిపోతే ఈ కార్లలో ఒకదానితో ఒకటి పొంతన లేని ఫాల్టులు డజన్ల కొద్దీ వస్తాయి. షెడ్డుకు తీసుకెళ్తే అక్కర్లేని భాగాలు మార్పించే ప్రమాదం ఉంది. బ్యాటరీ కొత్తది వేసినప్పుడు కారు కంప్యూటర్‌లో నమోదు చేయించడం మరిచిపోవద్దు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: 2318 అంటే 2018లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా మార్చాలి.

కాగితాల్లో ఎక్కువ జాగ్రత్త పాత కారుకే అవసరం. వేరే రాష్ట్రం నంబరు కాబట్టి ఫారం 28తో ఎన్‌వోసీ, 29, 30తో పేరు మార్పు, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఏడాది మించి ఇక్కడ ఉంచాలంటే ఇది తప్పదు. ఎంత పడుతుందో ఆర్టీఏలో లెక్క కట్టించి, ఆ మొత్తాన్ని కారు ధరకు కలిపాకే రెండు కార్లనూ పోల్చండి. 2013 కారు ఆర్సీ పదిహేనేళ్ల గడువు 2028లో తీరుతుంది, తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఐదేళ్లు దాటిన కారుకు బీమా విలువ మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందంతో తేలేదే కనుక, ఆ అంకె రాతపూర్వకంగా తెచ్చుకోండి. విదేశం నుంచి వచ్చిన కారుకు కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) తప్పనిసరిగా చూడాలి. సుంకం ఎగ్గొట్టి తెచ్చినదైతే కారు ఎన్ని చేతులు మారినా జప్తు కావచ్చు.

మా సలహా: 2021 కారు గేజ్ పరీక్షలోనూ వరద పరీక్షలోనూ నిలబడి, అప్పు లేకుండా కొనగలిగితే అదే తీసుకోండి. నెలకు రెండుసార్లు, రానూపోనూ ఎనిమిది వందల కిలోమీటర్లు, మోకాళ్లు పనిచేయని పెద్దాయన వెనక కూర్చుని వెళ్లే కారు ఇది. సూర్యాపేట దగ్గర ఎండలో గాలి బెలూన్ పగిలి కారు చతికిలబడితే ఆయన్ని ఇంకో బండిలోకి ఎక్కించడం ఎంత కష్టమో మీకు తెలుసు. పాతది కొనదగ్గ కారు కాదని దీని అర్థం కాదు. నగరంలో తిరగడానికి, పూర్తి సర్వీసు చరిత్ర ఉంటే, అంత చోటు అంత ధరకు ఇంకెక్కడా దొరకదు. ఒకవేళ ఎక్కి దిగే పరీక్షలో నాన్నగారు పాతదానికే మొగ్గితే, మొదటి భీమవరం ప్రయాణానికి ముందే నాలుగు బెలూన్లు, కంప్రెసర్, కూలెంట్ పైపులు, గేర్‌బాక్స్ నూనె మార్పించి, వెయ్యి కిలోమీటర్లు నగరంలోనే తిప్పి చూడండి.

ఏ కారైనా అడ్వాన్సు ఇచ్చే రోజు చాసిస్ నంబరు మీరే చదవండి. పదిహేడు అక్షరాలుంటాయి, రోల్స్ రాయిస్‌ది ‘ఎస్‌సీఏ’తో మొదలవుతుంది. ముందు అద్దం దగ్గర ఉన్నదీ, ఆర్సీలో ఉన్నదీ, బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉన్నదీ అక్షరం తేడా లేకుండా ఒకటే కావాలి. తాళాలు రెండూ ఇచ్చారో లేదో, రెండింటితోనూ కారు స్టార్ట్ అవుతుందో లేదో అక్కడే చూసుకోండి.